చేత్తో తిప్పిన పంపు

ఆ ఆసుపత్రి డయాలసిస్ గదిలో ఆమె అందరికీ కోడలే. అక్కడే ఉద్యోగం, అక్కడే తన అత్తగారికి వైద్యం. ఆవిడ మంచం మీంచి "కోడలా" అని పిలుస్తూంటే, పక్క మంచాల వాళ్ళూ అదే పిలుపు అందుకున్నారు. చివరికి పెద్ద డాక్టరు గారు కూడా "కోడలమ్మా" అనడం మొదలుపెట్టారు.

గదిలో యంత్రాలు మూడున్నాయి గానీ పనిచేసేది కిటికీ పక్కది ఒక్కటే. మిగతా రెండింటి కడుపులోంచి ఒక్కో భాగమూ పీకి దీన్ని బతికిస్తున్నారు. వాటికి దీపాలైతే వెలుగుతాయి, అంతే. కిటికీ పక్కదాని స్విచ్చు మీద కోడలు ఎర్ర టేపు అంటించింది. లోపల బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి, ఒకసారి ఆపితే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం లేదు. అందుకని దాన్ని ఎప్పుడూ ఆర్పరు. ఇలాంటి యంత్రం ఊళ్ళో ఇంకెక్కడా లేదు.

కొత్త బ్యాటరీ ఎందుకు రాదూ అంటే, అక్కడే ఉంది మెలిక. తమ సైన్యం పక్క దేశంలోకి చొరబడినప్పుడు కోడలి భర్త, బడిలో పాఠాలు చెప్పుకునే మనిషి, నోరు మూసుకుని ఊరుకోలేదు. విదేశీ రేడియోలో మాట్లాడి, మా దేశానికి ఏమీ అమ్మకండి, అప్పుడు గానీ యుద్ధం ఆగదు అన్నాడు. ఆయన్ని జైల్లో పెట్టారు. ఆయనలా మాట్లాడిన వాళ్ళందర్నీ పెట్టారు. పై దేశాలు అచ్చంగా ఆయన చెప్పినట్టే ఆంక్షలు విధించాయి. ఆసుపత్రి సామానుకి అవి వర్తించవని కూడా చెప్పాయి. చెప్పాయి, బాగానే ఉంది. కానీ ఆ బ్యాటరీలాంటిదే ఫిరంగుల్లోనూ వాడతారట. బ్యాంకు వాళ్ళు భయపడ్డారు, ఓడ వాళ్ళు భయపడ్డారు, బ్యాటరీ రాలేదు. కోడలికి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. పై దేశాల్ని తిడితే మొగుణ్ణి తిట్టినట్టే. ఇక్కడి ప్రభుత్వం మీద కోపం ఎలాగూ ఉంది, దానితో యంత్రం తిరగదు కదా.

ఇలా ఉండగా పెద్ద డాక్టరు గారు ఒకనాడు హడావిడిగా వచ్చారు. మర్నాడు ఉదయం మంత్రి గారు వస్తున్నారట. ఆంక్షలు మనల్ని ఏమీ చేయలేవని పత్రికల వాళ్ళకి చూపిస్తారు, కాబట్టి యంత్రాలన్నీ వెలగాలి. మధ్యాహ్నం విదేశీ సాయం సంస్థ వాళ్ళు వస్తున్నారట. మనం అల్లాడిపోతున్నట్టు కనపడితేనే వాళ్ళు కొత్తవి ఇస్తారు, కాబట్టి అన్నీ ఆరిపోవాలి. రోగులు ఉదయం నవ్వాలి, మధ్యాహ్నం మూలగాలి. అంతా విన్న అత్తగారు, మరి మధ్యలో ఎలా ఉండమంటారని అడిగింది. పెద్ద డాక్టరు గారు నవ్వలేదు.

ఆ మర్నాడే అత్తగారి వంతు. కాళ్ళు పొంగిపోయి, పడుకుంటే ఊపిరాడక నానా అవస్థ పడుతోంది ఆవిడ. వంతు తప్పితే తట్టుకునే స్థితిలో లేదు. అందుకే కోడలు ఒక్కటే అడిగింది: మీ నాటకం మీరు ఆడుకోండి, కిటికీ పక్కదాని జోలికి మాత్రం రాకండి. ఆయన సరేనన్నారు.

తీరా చూస్తే మంత్రి గారు ఆలస్యంగా వచ్చారు. సాయం సంస్థ తరఫున వచ్చిన విదేశీ ఆవిడ ముందుగా వచ్చేసింది. రోగులు ఆవిడకి అప్పటికే సాయం దొరసాని అని పేరు పెట్టేశారు. ఇద్దరూ గది గుమ్మంలోనే ఎదురుపడ్డారు. ఇంకేముంది, పెద్ద డాక్టరు గారికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. మంత్రి గారిని చూసి వెలిగించమని సైగ చేశారు, దొరసానిని చూసి ఆర్పమని సైగ చేశారు. నవ్వాలో మూలగాలో తెలియక ఒక రోగి రెండూ చేశాడు. చివరికి ఆ మహానుభావుడు తనే గోడ దగ్గరికి పరుగెత్తి మెయిన్ స్విచ్చు దించేశారు. ఎర్ర టేపు యంత్రానికి ఉంది గానీ గోడకి లేదు.

కిటికీ పక్క పంపు ఆగిపోయింది. అత్తగారి రక్తం గొట్టాల్లో ఎక్కడిదక్కడ నిలిచిపోయింది. రక్తం గడ్డకడితే ఇక అంతే సంగతులు. కోడలు గబగబా యంత్రం వెనకుండే పిడి తీసి పంపు చక్రానికి తగిలించి చేత్తో తిప్పసాగింది. ఎవరో స్విచ్చు ఎత్తారు. పనికిరాని రెండు యంత్రాలకీ దీపాలు వెలిగాయి. పనికొచ్చేది లేవలేదు. రక్తమంతా అత్తగారి ఒంట్లోకి తిరిగి చేరేదాకా కోడలు అలా తిప్పుతూనే ఉంది. మంత్రీ దొరసానీ పక్కపక్కనే నిలబడి చూశారు.

దొరసాని కళ్ళు చెమర్చాయి. దగ్గరికొచ్చి దుబాసీ ద్వారా అడిగింది, ఇదంతా ఆంక్షల వల్లేనా, వాటిని ఎత్తేయమని మా వాళ్ళకి చెప్పనా అని. మంత్రి గారు కూడా ఆశగా చూశారు. అవునంటే ఆ మాట పత్రికలకెక్కుతుంది, భర్త జైల్లో పడున్నదంతా బూడిదపాలవుతుంది. కాదంటే బ్యాటరీ రాదు. పిడి ఇంకా కోడలి చేతిలోనే ఉంది.

అత్తగారే ఆయాసపడుతూ అందుకుంది.

"ఏమీ అమ్మొద్దన్నది నా కొడుకు. అది తప్పంటే వాడు తప్పయిపోతాడు. ఒప్పంటే నేను పోతాను. దీన్ని నా కోడల్ని తేల్చమంటారేమిటమ్మా? వాణ్ణి బయటికి తెప్పించండి, వాణ్ణే అడుగుదాం."

దుబాసీ మంత్రి గారి వైపు ఓసారి చూసి, చిన్న మాటేదో చెప్పాడు. దొరసాని ఆప్యాయంగా తల ఊపింది. ముసలావిడ మీకు కృతజ్ఞతలు చెబుతోంది అన్నాడట. వెళ్తూ వెళ్తూ దొరసాని కొత్త యంత్రం తప్పకుండా వస్తుందని మాటిచ్చింది. దానికి వాళ్ళ ప్రభుత్వం అనుమతి కావాలి, ఆంక్షలు పెట్టింది ఆ ప్రభుత్వమే. మంత్రి గారేమో మాకు ఎవరి సాయమూ అక్కర్లేదని పత్రికల వాళ్ళకి చెప్పుకుంటూ వెళ్ళారు.

ఇంటికొచ్చాక అత్తగారు ఒక్కటే మాట అంది. "వాడికి చెప్పకు. వాడు అడిగింది న్యాయమే. అది తిరిగి తిరిగి మన గుమ్మంలోకే వస్తుందని కలగన్నాడా?"

అత్తగారి తర్వాతి వంతు రోజునే జైల్లో భర్తని చూడనిచ్చారు. ఆయన బాగా చిక్కిపోయాడు. ఇనప జాలీ దగ్గరికి వస్తూనే గొంతు తగ్గించి, "నిజంగానే అమ్మడం ఆపారా?" అని అడిగాడు.

"ఆపారండీ."

ఆయన ముఖం విప్పారింది. ఆ ముఖం చూసి సంతోషించాలో ఏడవాలో ఆమెకి తెలియలేదు.

"అమ్మెలా ఉంది? ఇవాళ అమ్మ వంతు కదూ?"

"అవును. యంత్రం దగ్గరే కూర్చున్నారు."

అందులో అబద్ధం లేదు. వద్దంటే వినకుండా, పొంగిన కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, ఆరిపోయిన యంత్రం పక్కన చెయ్యి చాపుకుని కూర్చుంది అత్తగారు. ఒకవేళ అది లేస్తే తన వంతు పోకూడదట.