ఆఫీసరు చేతికంటిన పచ్చ

అది రెండువేల ఒకటో సంవత్సరం. ధర్మవరంలో మగ్గాల వీధి బడికి జయరాజు ఒక్కడే సారు. భార్య మేరీ అదే ఊళ్ళో నర్సు. ఆమెకు నెలలు నిండాయి.

కిందటి తనిఖీలో పిల్లలు ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. పెనుకొండ నుంచి వచ్చిన ఆఫీసరు ధనుంజయకు కోపం వచ్చింది. "మళ్ళీ ఇట్లే ఉంటే నిన్ను అమరాపురం పంపిస్తా" అన్నాడు. అంత దూరం పోతే, నొప్పులొచ్చాయని కబురు అందేలోపు బిడ్డ పుట్టేస్తుంది.

ఈసారి పాఠం సూర్యుడి మీద. జయరాజు రెండు కుండల్లో అలసంద గింజలు వేశాడు. ఆకులు వచ్చాక ఒక కుండను బడి అరుగు మీద ఎండలో పెట్టాడు. రెండోదాన్ని గదిలో గంప కింద మూశాడు. ఎండ లేక అది పసుపు తిరుగుతుంది. అది చూపించి పాఠం చెప్పాలి.

బడిని ఆనుకున్న ఇల్లు కుళ్ళాయమ్మది. పట్టునూలుకు రంగులు వేస్తుంది. బడి ఊడ్చేదీ ఆమే. రంగు వేసిన పట్టును ఆ వీధిలో ఎవరూ ఎండలో ఆరెయ్యరు. అందుకని అరుగు మీది కుండను చూసినప్పుడల్లా తీసి నీడలో పెట్టేది.

"ఏం సార్, సదువుకున్నోళ్ళు ఇట్లా చేస్తారా? మంచి పచ్చ. ఎండకు ఎగిరిపోదా?"

"ఆ పచ్చ వచ్చేదే ఎండవల్ల, కుళ్ళాయమ్మక్కా."

"ఎండకు రంగు పోయేది చూసినా గానీ, వచ్చేది యాడా చూల్లేదు."

సారు కుండను మళ్ళీ ఎండలో పెట్టేవాడు.

శనివారం గంప ఎత్తి చూస్తే మొక్క పసుపు తిరిగి ఉంది. జయరాజుకు పెద్ద సంతోషం. సోమవారమే తనిఖీ.

ఆదివారం ఊడ్వడానికి వచ్చి కుళ్ళాయమ్మ కూడా గంప ఎత్తింది. నీడలో ఉండి కూడా మొక్క వెలిసింది. ఆఫీసరు చూస్తే సారును తోలేస్తాడు. ఆ మేరీ గతేం కాను? కుండను ఇంటికి తీసుకుపోయింది. మొక్కను చిలకపచ్చ రంగు బానలో తలకిందులుగా ముంచింది. నీడలో ఆరబెట్టింది. మళ్ళీ గంప కింద పెట్టేసింది.

సోమవారం ఆఫీసరు వచ్చాడు. జయరాజు ధీమాగా గంప ఎత్తాడు. చిలకలా ఉంది మొక్క. కాడ కూడా పచ్చ. మట్టి కూడా పచ్చ.

"ఏమప్పా జయరాజూ, సూర్యుడు లేకుంటే ఏమవుతుందని చెప్పినావు వీళ్ళకు?"

ముందు వరసలో ఉన్న ప్రేమలత లేచింది.

"సూర్యుడు లేకుంటే బాగా పచ్చగా ఉంటాది సార్."

ఆఫీసరు ఆకును గట్టిగా నలిపి చూశాడు. అదే చేత్తో ముఖం తుడుచుకున్నాడు. పిల్లలు నవ్వాపుకోలేక నోళ్ళు మూసుకున్నారు. చెయ్యి చూసుకున్నాక గానీ ఆయనకు సంగతి తెలియలేదు.

కుళ్ళాయమ్మ సబ్బు తెచ్చింది. జరిగిందంతా చెప్పింది.

"సారు తప్పేమీ లేదు సార్. మొక్క వెలిసిందని నేనే ముంచినా."

ఆఫీసరు రుద్దాడు. నురుగు పచ్చగా వచ్చింది. ముఖం అట్లే ఉంది.

"పోదు సార్. గట్టి రంగు. ఎండకైతే పోతాది."

"ఎన్ని దినాలు?"

"పట్టుకైతే చెప్తా. మనిషికి ఎప్పుడూ వెయ్యలేదు."

ధనుంజయ బడి ముందర ఎండలో కుర్చీ వేయించుకుని ముఖం పైకెత్తి కూర్చున్నాడు. పిల్లలు చుట్టూ చేరారు. ఊరికే ఉంటే బాగుండదని జయరాజు పాఠం మొదలుపెట్టాడు. వాన, పంట, గొర్రెల మేత, అన్నీ ఆ సూర్యుడి వల్లే అన్నాడు.

"సూర్యుడు లేకుంటే ఏమైతాది?" అని అడిగాడు.

"ఆఫీసరు సారు ఇట్లే ఉండిపోతాడు!" ఒక్కరు తప్పకుండా అందరూ అరిచారు.

పొద్దు వాలేదాకా కూర్చున్నా రంగు కదల్లేదు. ధనుంజయ లేచి తలకు తుండుగుడ్డ చుట్టుకున్నాడు. జయరాజును పక్కకు పిలిచాడు.

"అమరాపురంలో నన్ను అందరూ ఎరుగుదురప్పా. నువ్వు ఆడికి పోతే చెప్పకుండా ఉంటావా?"

"చెప్పను సార్."

"చెప్తావు. నీ చోట ఉంటే నేనైనా చెప్తా. ఈడ ఎట్లాగూ అందరూ చూసినారు. నువ్వు ఈడనే ఉండు."