వంతెన తెరిచిన రోజు వాన పడిందా?

మా చరిత్ర సంఘంలో ఒక నియమం ఉంది. బడి పిల్లల కోసం ఎవరు కొత్త పాఠం రాసినా, ముందు దాన్ని తమ తరగతిలో చెప్పి చూపించాలి. సంఘం పెద్దలు వెనక బెంచీలో కూర్చుని వింటారు. పాఠం నచ్చితే సంఘం దాన్ని అచ్చు వేస్తుంది, పాత ఫొటోల నకళ్ళూ పటాలూ జతచేసి అన్ని బళ్ళకూ పంపుతుంది. అయితే వింటున్నంతసేపూ పెద్దలు నోరు విప్పకూడదు. విప్పితే ఆ పాఠం చెల్లదు. ఈ నియమం పెట్టింది మా అధ్యక్షులవారే. అంతకుముందు పెద్దలు మధ్యలో లేచి తమ పరిశోధన అందుకునేవారట, పిల్లలు హాయిగా కునుకు తీసేవారట.

నేను సంఘం ఆఫీసులో టైపు చేస్తాను. ఆ రోజు పాఠం చెప్పేది మా వదిన. జరిగింది రాసుకోవడానికి నన్నూ తీసుకెళ్ళారు.

వదినకు ఆ పాఠం గట్టెక్కి తీరాలి. వాళ్ళ హెడ్మాస్టరు చరిత్ర పీరియడు ఎత్తేసి లెక్కలకు ఇచ్చేద్దామని చూస్తున్నాడు. సంఘం ఒప్పుకుంటేనే పీరియడు ఉంటుందని మొహం మీదే చెప్పేశాడు.

"నీ మొహం చూస్తే నాకు జ్వరమొచ్చేలా ఉంది వదినా," అన్నాను వరండాలో.

"నోర్ముయ్యి. లోపల ఎలాగూ మూసుకోవాలిగా, ఇప్పట్నుంచే అలవాటు చేసుకో."

వెనక బెంచీలో ఒక చివర నేను, ఇంకో చివర కార్యదర్శిగారు. ఆవిడను మేం చాటున 'శిలాశాసనం' అంటాం. ఆవిడ ఒక మాట రాశారంటే ఇక చెరపడం ఉండదు. మధ్యలో అధ్యక్షులవారు. పిల్లల బెంచీ కావడంతో ఆయన మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి.

వదిన బోర్డు మీద ఒకే ప్రశ్న రాసింది: 'మన వంతెన తెరిచిన రోజు వాన పడిందా?' ఆనాటి పత్రికలో, మండుటెండను కూడా లెక్కచేయక జనం విరగబడి వచ్చారని ఉంది. మొదటి బెంచీలో రెండు జడలేసుకున్న అమ్మాయి వాళ్ళ నానమ్మ మాత్రం ఆ రోజు నిలువునా తడిసిపోయానని చెప్పిందట.

"పేపర్లో అబద్ధం రాస్తారా?" అన్నాడొకడు.

"అంటే మా నానమ్మ అబద్ధాలకోరా?" జడలమ్మాయి లేచి నిలబడింది.

వదిన ఎవరినీ సమర్థించలేదు. "ఇద్దరికీ ఎలా తెలిసిందో ముందు అది చూద్దాం," అంది.

అప్పుడే నా పక్కన బెంచీ కిర్రుమంది.

"వానా లేదు, గీనా లేదు! నేనక్కడే ఉన్నాను!"

అధ్యక్షులవారు! మాట జారాక అరచేత్తో నోరు మూసుకున్నారు. వదిన చేతిలో సుద్దముక్క విరిగింది. పిల్లలు మాత్రం నిధి దొరికినట్టు ఆయన వైపు తిరిగారు.

"అప్పుడు మీకెన్నేళ్ళు తాతగారూ?"

ఆయన కార్యదర్శిగారి వైపు బిక్కుబిక్కుమంటూ చూశారు. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, "ఎలాగూ మాట్లాడారుగా. పిల్లలకు జవాబివ్వండి," అన్నారు.

"ఐదేళ్ళుంటాయేమో. మా నాన్న భుజాల మీద కూర్చున్నాను. నా కొత్త చెప్పు జారి బురదలో పడితే, అదే కావాలని ఒకటే ఏడుపు..."

"మండుటెండలో బురదెక్కడిది తాతగారూ?"

ఆయన పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. "ఇన్నేళ్ళూ ఆ పేపరు చదివీ చదివీ, ఎండను నా కళ్ళతోనే చూశాననుకున్నానర్రా!"

"మా నానమ్మే గెలిచింది!"

"ఆగు," అంది వదిన. "ఆ బురద ముందురోజు వానది కావచ్చుగా?" బోర్డు మీద 'తాతగారి చెప్పు' అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. పాఠం చెల్లదని ఆమెకు తెలుసు, అయినా చెబుతూనే ఉంది.

కార్యదర్శిగారు లేచారు. "నియమం ప్రకారం పాఠం చెల్లదు."

"తప్పు నాదండీ," అన్నారు అధ్యక్షులవారు, ఒక్కసారిగా చిన్నబోయి.

"నియమం కూడా మీదే."

"మాట్లాడింది తాతగారైతే శిక్ష మా టీచరుకా?" అంది జడలమ్మాయి. తరగతంతా "అవునవును" అంది.

శిలాశాసనం మొదటిసారి మెత్తబడడం చూశాను. ఆవిడ బోర్డు వైపు కాసేపు చూసి, అధ్యక్షులవారి వైపు తిరిగారు. "సభ్యులు మాట్లాడకూడదు. సాక్షులు మాట్లాడొచ్చు. ఈ పూటకి మీ సభ్యత్వం రద్దు. వెళ్ళి పిల్లల్లో కూర్చోండి."

తర్వాత, గుమ్మంలో తొంగిచూస్తున్న హెడ్మాస్టరుతో అన్నారు: "ఈ పాఠం మేం అచ్చు వేస్తున్నాం. తాతగారి చెప్పుతో సహా. పీరియడు ఎవరికీ ఇచ్చెయ్యకండి."

వదిన నా వైపు చూడలేదు. చూస్తే ఇద్దరం నవ్వేస్తామని తెలుసు.

అధ్యక్షులవారు మొదటి బెంచీలో జడలమ్మాయి పక్కన సర్దుకుని కూర్చున్నారు. కూర్చున్నారో లేదో, "అసలా పత్రిక విలేకరి ఆ రోజు అక్కడికొచ్చాడంటారా?" అని మొదలుపెట్టబోయారు.

"అలా కాదు తాతగారూ," అంది జడలమ్మాయి మెల్లగా. "ముందు చెయ్యెత్తాలి."

ఆయన చెయ్యెత్తారు. వదిన ఆయన్ని చూసీ చూడనట్టు, ముందు చివరి వరుసలో చెయ్యెత్తిన పిల్లాణ్ణి అడిగింది.