పేరులేని బ్రేకర్

బ్యాటరీ ఎంత పెద్దది కొనాలన్న దగ్గర ఆర్డెత్‌కీ ఆమె భర్త లైల్‌కీ వేసవి పొడుగునా పేచీయే.

ఆ కొండవాలు ఊళ్లో అక్టోబరు గాలులు మొదలయ్యాయంటే చాలు, తీగలు తెగి అడవి అంటుకుంటుందేమోనని కరెంటు కంపెనీ వాళ్లు ముందుగానే సరఫరా ఆపేస్తారు. ఒక్కోసారి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు దాటుతుంది. బోరు మోటారు తిరగదు. కుళాయిలో నీళ్లు రావు. ఫ్రీజర్‌లో జింకమాంసం కరిగి పాడవుతుంది. ఏటేటా ఆ జనరేటర్ రొద పడలేక, ఈసారి గోడకు బిగించే బ్యాటరీ పెట్టిద్దామని ఇద్దరూ అనుకున్నారు. అంతవరకే ఏకాభిప్రాయం.

“ఒకటి చాలు,” అంటుంది ఆర్డెత్.

“రెండు కావాలి,” అంటాడు లైల్.

“ఉన్నదే ఇద్దరం. ఏం చేసుకుంటాం రెండూ?”

“ఉంటే నష్టమేంటి?”

“ఏ మాటడిగినా ఇదొకటి నేర్చావు!”

ఆర్డెత్ ముప్ఫయ్యొక్క ఏళ్లు స్కూలు వంటగదిని నడిపిన మనిషి. నాలుగు వందల ఇరవై మంది పిల్లలకు ఎన్ని బంగాళాదుంపలు ఉడకెయ్యాలో గంపలకేసి ఒకసారి చూసి చెప్పేది. తక్కువైతే ఆమెకు తల కొట్టేసినట్టుండేది, మిగిలినా అంతే. కావలసినదానికి రెండింతలు కొనడమనే మాటే ఆమెకు గిట్టదు. పైగా లైల్ రంపపు మిల్లులో జీవితమంతా కరెంటు పని చేసినవాడు. తెలిసినవాడై ఉండి, ఎందుకు రెండో చెప్పకుండా గోడలా నిలబడటం ఆమెకు మరీ కంపరం.

బ్యాటరీలు బిగించే యెసేనియా అనే అమ్మాయి వచ్చినప్పుడు ఆమె ముందే పోట్లాడుకున్నారు. ఆ పిల్ల నవ్వి, సంచిలోంచి అరచేయంత కొలత పెట్టె తీసి బల్ల మీద పెట్టింది.

“అంచనాలొద్దు, కొలవండి. కరెంటు పోయినప్పుడు ఏవేవి నడవాలో రాసుకోండి. ఒక్కోటి ఎన్ని వాట్లు తాగుతుందో, రోజుకి ఎన్ని గంటలు తిరుగుతుందో ఇందులో కనపడుతుంది. అన్నీ కలిపితే రోజుకి ఎన్ని యూనిట్లో తేలిపోతుంది. బోరు మోటారు మొదలయ్యేటప్పుడు ఒక్క ఊపున మూడు నాలుగు రెట్లు లాగుతుంది, దాని సంగతి నేను చూసుకుంటా.”

ఆర్డెత్‌కి అది పండగైంది. వారం రోజులు ఆ పెట్టె పట్టుకుని ఇల్లంతా తిరిగింది. ఫ్రిజ్ ఒకటిన్నర యూనిట్లు, ఫ్రీజర్ ఒకటి, మోటారు ఒకటికి తక్కువ, దీపాలు, ఇంటర్నెట్ డబ్బా, కాఫీ. తప్పనిసరి సరుకంతా కలిపితే ఆరున్నర. మిగతా సోకులన్నీ చేర్చినా ఎనిమిది దాటలేదు.

“పది యూనిట్ల బ్యాటరీ ఒకటి,” అని పుస్తకం లైల్ ముందు పెట్టింది. “ఒకటిన్నర రోజు. పొదుపుగా వాడితే రెండు.”

లైల్ కళ్లజోడు పెట్టుకుని ఓపిగ్గా చదివాడు. “లెక్క బాగుంది,” అన్నాడు. “అయినా రెండు,” అని లేచి షెడ్డులోకి వెళ్లిపోయాడు.

మంగళవారం పొద్దున లైల్ కొండ దిగి పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. నలభై నిమిషాల దారి. అతను అటు వెళ్లగానే ఆర్డెత్ కరెంటు కంపెనీ వాళ్ల లెక్కలు తీసి చూసుకుంది. తన పుస్తకంలో రోజుకు ఎనిమిది. వాళ్ల లెక్కలో రోజుకు పంతొమ్మిదిన్నర.

పదకొండున్నర యూనిట్లు ఎటు పోతున్నాయి?

ఇంట్లో ఉన్న స్విచ్‌లన్నీ ఆపేసి, బయటి మీటరు దగ్గర నిలబడింది. ఇల్లు చచ్చిపోయినట్టు నిశ్శబ్దంగా ఉన్నా, మీటరు మాత్రం అర కిలోవాటుకు కాస్త తక్కువ చూపిస్తూనే ఉంది. ఇక షెడ్డే మిగిలింది. అక్కడ గోడకున్న పెట్టె తెరిచింది. వరసగా ఉన్న బ్రేకర్ స్విచ్‌ల పక్కన లైల్ గుండ్రటి అక్షరాలు: లైట్లు, రంపం, గాలి పంపు. అడుగున ఉన్న ఒక్కదానికి మాత్రం పేరు లేదు. దాన్ని కిందికి దించి, వెనక్కి వచ్చి మీటరు చూసింది. సున్నా.

ఆమెకు ఎంత సంబరమేసిందంటే, ఒక్కతే చప్పట్లు కొట్టింది. మరుగునపడ్డ ఏదో పాత తీగ, తడిమట్టిలో తెగి ఊరికే కరెంటు తాగుతోందనుకుంది. ఇంట్లో స్విచ్‌లన్నీ మళ్లీ వేసి, అదొక్కటీ ఆపి ఉంచి, కాఫీ పెట్టుకుంది. పుస్తకంలో “దొంగ దొరికాడు, పది ఇరవై” అని రాసుకుంది. లైల్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. పళ్ల కుర్చీలో ఉండుంటాడు.

పదకొండుకి అతనే చేశాడు. నోరు మొద్దుబారి మాట ముద్దముద్దగా వస్తోంది.

“లైల్, నీ రెండు బ్యాటరీల సంగతి తేలిపోయింది. షెడ్డులో పేరులేని బ్రేకర్ ఒకటుంది చూడు, అదయ్యా మన కరెంటు తాగేది! ఆపేశాను.”



“ఎప్పుడు?”

“పది ఇరవైకి. ఏం?”

“వెళ్లి వెయ్యి. ఆర్డెత్, ఇప్పుడే. పరిగెత్తు.”

“ఎందుకలా—”

“హోబ్ ఆ తీగ మీద బతుకుతున్నాడు. వాడి ఆక్సిజన్ మిషన్ దాని మీదే నడుస్తోంది. నేను అంబులెన్స్‌కి చేస్తా. నువ్వు పరిగెత్తు!”

హోబ్ ఆమె తమ్ముడు. వాగు అవతల, తల్లి వదిలిన స్థలంలో వాడి వాటా మీద ఉంటాడు. రెండేళ్ల కిందటి మంటల్లో వాడి ఇల్లు కాలిపోతే ట్రెయిలర్ ఒకటి తెచ్చి వేసుకున్నాడని మాత్రమే ఆమెకు తెలుసు. వంటింటి కిటికీలోంచి దాని పైకప్పు కనపడుతుంది. అటు చూడకుండా అంట్లు తోమడం ఆమెకు అలవాటైపోయింది. తొమ్మిదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. వృద్ధుల ఆసుపత్రిలో ఉన్న తల్లిని ఆమె వద్దంటున్నా వినకుండా వాడు సరస్సు చూపిస్తానని తీసుకెళ్లాడు. చలి తగిలి, వారంలో తల్లి పోయింది. అంత్యక్రియల దగ్గర అందరి ముందూ, “అమ్మని నువ్వే చంపావు” అని ఆర్డెత్ వాడి మొహం మీద అన్నది. వాడు టోపీ తీసుకుని వెళ్లిపోయాడు.

ఆమె బ్రేకర్ ఎప్పుడు పైకెత్తిందో, వాగు మీద వేసిన బల్ల ఎలా దాటిందో తర్వాత ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. ఒక చెప్పు నీళ్లలో పోయింది. ట్రెయిలర్ తలుపు తీస్తే లోపల, కరెంటు తిరిగొచ్చిన మిషన్ కీచుకీచుమంటోంది. హోబ్ నేల మీద, మంచానికి వీపు ఆనించి పక్కకి ఒరిగి ఉన్నాడు. పెదాలు నీలంగా, గోళ్లు బూడిదరంగులో ఉన్నాయి. మూలనున్న అత్యవసర సిలిండర్ వైపు చెయ్యి చాచి ఉంది. సిలిండర్ విప్పే తాళంచెవి వేళ్లలోంచి జారి కొంచెం దూరంలో పడి ఉంది.

ఈ మనిషి వాడేనా? తొమ్మిదేళ్ల కిందట దుంగలు ఎత్తి భుజాన వేసుకునేవాడు. ఇప్పుడు చొక్కాలో ఎముకల గూడు.

చేతిలో ఫోన్ మోగింది. అంబులెన్స్‌కి చెప్పేసి లైలే మళ్లీ చేశాడు. “ఆర్డెత్! వింటున్నావా? గొట్టం ముక్కుకి పెట్టు. పడుకోబెట్టకు, కూర్చోబెట్టు.”

ఆమె కూర్చోబెట్టింది. గొట్టం కొసలు రెండూ వాడి ముక్కులో పెట్టడానికి నాలుగుసార్లు పట్టింది. వెనక నుంచి వాడిని తన గుండెకు ఆనించుకుని నేల మీదే కూర్చుంది. “ఊపిరి తియ్యరా,” అంటూనే ఉంది. “తియ్యరా. తియ్యి.” అంబులెన్స్ వచ్చేసరికి ఇరవై నిమిషాలు. ఈలోపు వాడు ఒక్కసారి కళ్లు తెరిచి, తల వెనక్కి తిప్పి ఆమెను చూశాడు. గుర్తుపట్టాడో లేదో తెలియలేదు.

ఆసుపత్రి వరండాలో లైల్ వాచిన దవడతో పరుగెత్తుకొచ్చాడు. ఆమె అతన్ని కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది.

“ఎన్నాళ్లుగా?”

“రెండేళ్లు. మంటల పొగ ఊపిరితిత్తుల్ని తినేసింది. అక్కడికి కరెంటు లైను మళ్లీ వెయ్యలేదు, అందుకని నేనే లాగాను.”

“నాకెందుకు చెప్పలేదు?”

“వాడు చెప్పొద్దన్నాడు. నువ్వేమో వాడి పేరెత్తితే లేచి వెళ్లిపోతావు. అక్కాతమ్ముళ్లిద్దరూ కలిసి నా నోరు కుట్టేశారు.”

పోయిన ఏడాది కరెంటు పోయినప్పుడు, “ఫ్రిజ్ అంత సేపు చల్లగానే ఉంటుంది, ఆ రొద ఆపు” అని తనే లైల్ చేత జనరేటర్ ఆపించింది. అతను మారు మాట్లాడకుండా ఆపి, కోటు వేసుకుని బయటికి వెళ్లాడు. చాలాసేపు రాలేదు. ఎక్కడికని ఆమె అడగలేదు. ఇప్పుడు అడగక్కర్లేకుండానే తెలిసింది. సిలిండర్లు మారుస్తూ వాగు అవతల కూర్చున్నాడు. అంటే వాడి ఊపిరి తను ఆపడం ఇవాళ మొదటిసారి కాదు.

సాయంత్రానికి హోబ్‌కి తెలివొచ్చింది. ఆమె గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

“ఆర్డీ,” అన్నాడు వాడు గొట్టం సర్దుకుంటూ. “చంపేటట్టయితే ముందు ఒక మాట చెప్పొద్దూ? మంచి చొక్కా వేసుకుని ఉండేవాణ్ణి.”

లైల్ నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. “నాకు తెలీదు,” అంది.

“తెలీదని నాకు తెలుసు.”

“అమ్మని చంపావని నేను నిన్ను అన్నాను. అంతమందిలో.”

హోబ్ దుప్పటి అంచు మడిచాడు. “సరస్సు దగ్గర చలేస్తోంది, వెళ్లిపోదాం అంటే అమ్మే ఇంకాసేపు అంది. మూడుసార్లు అంది. నేను లాక్కురావాల్సింది. లాక్కురాలేదు.” పక్కనున్న కుర్చీ చూపించి, “కూర్చో, ఊరికే నిలబడి గాలికి అడ్డమొస్తున్నావు,” అన్నాడు.

ఆమె కూర్చుంది.

గురువారం యెసేనియా వచ్చింది. ఆర్డెత్ పుస్తకంలో కొత్త పేజీ తీసి ముందుకు తోసింది. ఇల్లు ఆరున్నర, ట్రెయిలర్ పదకొండున్నర. మొత్తం పద్దెనిమిది.

యెసేనియా పెన్సిలుతో నుదురు గీరుకుంది. “అయితే లైల్ చెప్పిన రెండు కూడా చాలవు. రెండున్నా ఒక రోజు కంటే కాస్తే ఎక్కువ. ఇంకో మాట. భూమిలో పాతిన ఆ తీగకి అనుమతి లేదు. అది అలా ఉండగా నేను ఏ బ్యాటరీ పెట్టను. సరైన లైను వెయ్యాలి.”

లైల్ మొహం పాలిపోయింది. వేసవంతా రెండు, రెండు అని మొండికేసిన మనిషి, ఆ రెండు కూడా సరిపోయేవి కావని వినేసరికి కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. “నేను కొలవలేదు,” అన్నాడు మెల్లిగా. “ఉజ్జాయింపుగా అనుకున్నా.”

“మూడు,” అంది ఆర్డెత్. “ఇంకో ఏర్పాటు కుదురుతుందా? సగం కంటే కిందికి, నలభై శాతానికి దిగితే మా ఇల్లు దానంతటదే ఆగిపోవాలి. మిగిలిందంతా వాడికే.”

“కుదురుతుంది. కానీ మీకు నీళ్లు కూడా ఉండవు.”

“బిందెలున్నాయి. బ్యాటరీ ఉంది కదాని సిలిండర్లు తీసెయ్యనులే, భయపడకు.”

“నేనూ అదే చెప్పబోతున్నా,” అంది యెసేనియా.

నవంబరు మొదటి ఆదివారం గాలులు లేచాయి. పొద్దున తొమ్మిదికి కరెంటు పోయింది. ఇంట్లో దీపం రెప్ప కూడా వెయ్యలేదు. లైల్ అబ్బురపడి వంటిల్లంతా తిరిగాడు. ఆర్డెత్ మాత్రం ఫోన్‌లో బ్యాటరీ శాతం తప్ప ఇంకేమీ చూడలేదు. స్విచ్ పెట్టె తలుపు ముట్టుకోవడం ఆమె ఆ మంగళవారమే మానేసింది. లైల్ పక్కనుంటే తప్ప దీపం కూడా ఆపదు.

సోమవారం పొద్దున తొమ్మిది దాటాక నలభై చూపించింది. ఫ్రిజ్ మూలుగు ఆగింది. గడియారం ఆరిపోయింది. అనుకున్నదే అయినా ఆమె నిలవలేకపోయింది. కోటు కూడా వేసుకోకుండా వాగు దాటి ట్రెయిలర్ తలుపు తోసింది.

హోబ్ గుడ్లు వేయించుకుంటున్నాడు. మిషన్ తన పాటికి తాను ఉస్సుమంటోంది.

“నన్ను చూడ్డానికొచ్చావా, దాన్నా?”

“దాన్ని.”

“బాగానే ఉంది. ఉప్పందుకో.”

లైల్ వెనకాలే కాఫీ కూజా పట్టుకొచ్చాడు. చుట్టుపక్కల ఇక కరెంటున్నది అక్కడొక్కచోటే. ముగ్గురూ ఆ ఇరుకు బల్ల చుట్టూ ఇరుక్కుని పొద్దు వాలేదాకా పేకాడారు. హోబ్ ముక్కలు దాచేస్తున్నాడని ఆర్డెత్ రెండుసార్లు పట్టుకుంది. సాయంత్రం ఐదింటికి కరెంటు వచ్చేసరికి బ్యాటరీలో ఇరవై ఏడు శాతం మిగిలింది.