గీతలొచ్చే సబ్బు

"మా సంగీతకు చెయ్యి కాలదు" అని చిలుకమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పుకునేది. కోడలి గురించి ఆమె చెప్పే మంచి మాట అదొక్కటే కాబట్టి కాస్త గట్టిగానే చెప్పేది. చుట్టాలు కూర్చుని ఉండగా పొయ్యి మీది పప్పుగిన్నె దించమని కావాలనే పురమాయించేది. సంగీత మసిబట్ట కోసం వెతక్కుండా, కుతకుతలాడే గిన్నెను రెండు చేతులతో అంచు పట్టుకుని దించి గచ్చు మీద పెట్టేది. చుట్టాలు ముక్కున వేలేసుకునేవాళ్లు. చిలుకమ్మ మురిసిపోయేది. మెచ్చుకోలు అంత అరుదుగా దొరికే ఇంట్లో వచ్చినదాన్ని ఎవరు కాదనుకుంటారు? సంగీత కూడా అది తన పనితనమే అనుకుంది.

అసలు సంగతి ఏమిటంటే ఆ చేతులకు స్పర్శ పోయి చాలా కాలమైంది. డోర్నకల్ రైల్వే క్వార్టర్‌లో కాపురానికొచ్చిన నాటినుంచి అవి నీలం సబ్బుబిళ్లలో, బట్టల సోడాలో నానుతూనే ఉన్నాయి. భర్త జయపాల్ రైల్వేలో పాయింట్స్‌మన్. అతని బట్టల మీది గ్రీజు సోడా వెయ్యందే వదలదు. అత్తగారి తెల్లచీర తెల్లగానే ఉండాలి, ఆదివారం చర్చిలో నలుగురూ చూస్తారు. ఇవి చాలవన్నట్టు సంఘంలో ప్రేమవిందు పెట్టిన ప్రతిసారీ గిన్నెలు తోమే పనికి చిలుకమ్మ ముందుగానే కోడలి పేరు ఇచ్చి వచ్చేది. ప్రేమంతా విందులోనే అయిపోయేది, మాడిన డేగిశాలు సంగీతకు మిగిలేవి. మొదట దురద, ఆ తర్వాత మంట, ఆ తర్వాత నెర్రెలు. నెర్రెలు మానిన చోట చర్మం మందంగా పేరుకుంది. ఆ మందం కింద వేడీ తెలియదు, చలీ తెలియదు.

ఒకసారి దవాఖానలో డాక్టరమ్మ చూసి, "నీ చర్మం సున్నితమైనదమ్మా. సోడాలో చెయ్యి పెట్టకు. వాసన లేని మెత్తటి సబ్బు వాడు" అంది. సున్నితం అనే మాట తన గురించి ఎవరైనా అనగా సంగీత వినడం అదే మొదటిసారి. ఇంటికొచ్చి చెబితే జయపాల్ నవ్వాడు. "సబ్బు సబ్బే. నురుగొస్తే సాలదా? సున్నితమంట! నీ చెయ్యి తాకితే నాకు గీసుకపోతది." అప్పటినుంచి ఆమె పడుకునేటప్పుడు చేతులు దిండు కింద పెట్టుకోవడం అలవాటు చేసుకుంది.

అలాగని ఆ ఇంట్లోకి మెత్తటి సబ్బులు రావని కాదు. కూతురు షారోన్ మొటిమలకు ఒకటి, అత్త వీపు దురదకు ఒకటి, గడ్డం గీసుకున్నాక మండకుండా జయపాల్‌కు ఒకటి. మూడూ సంగీతే చూసి తెచ్చేది. ఎవరి ఒంటికి ఏది పడుతుందో, ఏది పడదో ఆమెకు తెలిసినంత ఆ ఒళ్లు మోసేవాళ్లకే తెలియదు. అవి అరిగి అరిగి చేతిలోంచి జారిపోయేంత పలచబడ్డాక, మిగిలిన పొరలన్నీ కలిపి ముద్దచేసి దానితో తను నీళ్లు పోసుకునేది. మీద పేరు చెరగని సబ్బుతో ఆ ఇంట్లో ఆమె స్నానం చేసిందే లేదు. ఇది అన్యాయమని ఆమెకు తోచనూ లేదు. అరిగిన సబ్బును పారెయ్యలేక ఎవరో ఒకరు వాడాలి కదా, ఆ ఒకరు తనే అయింది, అంతే.

సంగీత తల్లి పోచమ్మ లింగాల ఘనపూర్ దగ్గరి ఊళ్లో కూలి చేసుకుని బతికిన మనిషి. రాళ్లు ఏరి, తుమ్మలు కొట్టి బాగుచేసుకున్న ఎకరం మెట్ట చెలక ఉండేది ఆమెకు. పోయేముందు దాన్ని కూతురి పేరున పట్టా చేయించింది. ఇప్పుడు పక్క తండా నీలి దాన్ని కౌలుకు చేస్తోంది. ఏటా పంట ఇంటికొచ్చాక కందుల బస్తా ఒకటి రైల్లో వేసుకొచ్చి, "మీ అమ్మ వెట్టిన సీతాఫలం చెట్టు ఈసారి ఇరగ్గాసిందక్కా" లాంటి కబురొకటి చెప్పి, ఒక పూట ఉండి పోతుంది. ఆ కందుల్ని ఇంట్లో అందరూ మన కందులనే అంటారు. అవి సంగీతవని ఎవరికీ గుర్తు రాదు. సంగీతకు కూడా రాదు.

జయపాల్‌కు వరంగల్‌లో ప్లాటు కొనాలని బుద్ధి పుట్టింది. చెలక అమ్మితే పని అయిపోతుంది. ఈ సంగతి సంగీతకు అన్నం వడ్డిస్తుండగా తెలిసింది.

"బుధవారం లింగాల ఘనపూర్ పోవాలె. ఆధార్ కార్డు సంచిల వెట్టుకో."

"ఎందుకు?"

"చెలక ఇచ్చేస్తున్నం. ఆసామి దొరికిండు."

ఇంకో గరిటె పప్పు వెయ్యమని కంచం ముందుకు జరిపాడు. ఆమె వేసింది. అప్పుడేమనిపించిందని ఎవరైనా అడిగి ఉంటే ఏమీ అనిపించలేదనే చెప్పేది. అది అబద్ధం కూడా కాదు.

తహసీల్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ దగ్గర వేలిముద్ర మిషన్ ఆమెను ఒప్పుకోలేదు. ఆపరేటర్ వేలు తుడుచుకుని పెట్టమన్నాడు, తలకు రాసుకుని పెట్టమన్నాడు, గట్టిగా నొక్కమన్నాడు. పెట్టిన ప్రతిసారీ ఎర్రలైటే. చివరికి ఆమె చెయ్యి తిప్పి చూసి, "వేళ్ల మీద గీతలే లేవు గదమ్మా. అన్ని అరిగిపోయినయి" అన్నాడు.

కొనే ఆసామి ముందు జయపాల్‌కు తల కొట్టేసినట్టయింది. "ఇంట్ల నాలుగు బోళ్లు తోముతే గీతలు పోతయా? ఏం జేసినవే చేతులను?" అని అరిచాడు, అవేదో తను దాచిపెట్టమని ఇచ్చిన వస్తువులైనట్టు. ఆపరేటర్‌కే జాలి వేసింది. "కండ్లతోని తీసే మిషన్ మా తాన లేదన్నా. మంచి సబ్బు వాడుమను. కొన్ని దినాలు సోడాల, సర్ఫుల చెయ్యి వెట్టకుంట చూడు. అన్ని వేళ్లు అక్కర్లేదు, కుడిచేతి బొటనేలు పడ్డా నడుస్తది" అన్నాడు.

డోర్నకల్‌లో రైలు దిగి ఇంటికి కూడా పోకుండా జయపాల్ ఆమెను మందుల షాపుకు తీసుకెళ్లాడు. పెళ్లయ్యాక పదిమందిలో అతను ఆమె చెయ్యి పట్టుకున్నది అప్పుడే. మణికట్టు దగ్గర పట్టుకుని, అరచేతిని వెల్లకిలా తిప్పి కౌంటర్ మీద పెట్టాడు.

"అన్నా, జల్ది గీతలొచ్చే సబ్బియ్యి."

షాపాయన మహీధర్ నవ్వు ఆపుకున్నాడు. "గీతలొచ్చే సబ్బు యాడుంటదన్నా? చర్మాన్ని కష్టపెట్టనిది ఉంటది. గీతలు వాటంతటవే వస్తయి." మూడు రకాలు తీసి ముందు పెట్టి సంగీతనే అడిగాడు. "అక్కా, నీకేం పడుతది, ఏం పడది? వాసన పడుతదా? దేనికి మంట లేస్తది?"

షారోన్‌కు జిడ్డు చర్మం, అత్తకు చలికాలం పొట్టు లేస్తుంది, జయపాల్‌కు గంధం వాసన పడదు. ఇవన్నీ సంగీత గడగడా చెప్పగలదు. తన చర్మం సంగతి అడిగితే మాత్రం పరాయి మనిషి గురించి అడిగినట్టుంది. "ఏదైతేంది, జల్ది పనిచేసేది ఇయ్యి" అని ఆమె బదులు జయపాలే చెప్పాడు. ఆమె ఒక్కో డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఒకటి గులాబీ వాసన, ఒకటి కొబ్బరి వాసన, మూడోదానికి ఏ వాసనా లేదు. ఆ మూడోదాన్ని పక్కకు జరిపి "గిది" అంది.

"మంచిదే తీసినవక్కా" అన్నాడు మహీధర్. "నురుగు తక్కువస్తదని పరేషాన్ గాకు. కడుక్కున్నంక తడి ఆరకముందే జర నూనె రాయి."

ఆ రోజునుంచి ఇంట్లో ఆమె చేతులకు వచ్చిన మర్యాద అంతా ఇంతా కాదు. చిలుకమ్మ కొంగు బిగించి నల్లా కింద కూర్చుని తనే గిన్నెలు తోమింది. "బోళ్ల తానికి రాకు బిడ్డా" అంది. కోడల్ని ఆమె బిడ్డా అనడం గోడకు అవతలి క్వార్టర్ వాళ్లకు కూడా వింతగా వినిపించింది. బట్టలకు రుక్కి అనే ఆమెను మాట్లాడారు. సాయంత్రం డ్యూటీ దిగి రాగానే జయపాల్ సంగీత కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, బొటనవేలి మీద సెల్‌ఫోన్ లైటు వేసి చూసేవాడు. "వస్తున్నయే! గిక్కడ అగుపడుతున్నయి జూడు" అని సంబరపడేవాడు. "డాడీ నీ చెయ్యి వట్టుకోని కూసున్నడేంది మమ్మీ!" అని షారోన్ నవ్వేది.

చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నా సంగీతకు అది బాగుండేది. ఎందుకు పట్టుకున్నాడో తెలుసు. అయినా ఒక మనిషి రోజూ ఆ వేళకు వచ్చి తన చెయ్యి వెతుక్కుంటున్నాడు, దిండు కింద దాచుకున్న చెయ్యే అది. తెల్లటి సబ్బు మీద అక్షరాలు లోతుగా చెక్కి ఉండేవి. నీళ్లు పోసుకునేటప్పుడు వాటి మీద బొటనవేలు పెట్టి రాస్తే మొదట్లో ఏమీ తెలియలేదు. తర్వాత ఒక రోజు ఏదో గరుగ్గా తగిలింది. ఇంకొన్నాళ్లకు అక్షరం మలుపు కూడా తెలిసింది. గీతలు నెమ్మదిగా వస్తే బాగుండునని ఆమె అనుకునేది. చెలక కోసం కాదు, చెలక సంగతి మనసులోకి రానిస్తే కదా. గీతలు వచ్చాయంటే ఈ చేతులు మళ్లీ సోడాలోకే పోతాయి, అందుకు. ఇంకో వారం, ఇంకో వారం అని మనసులో బేరమాడుకునేది. అంతకంటే ఎక్కువ అడగాలని ఆమెకు తట్టలేదు.

అలా ఉండగా ఒక ఆదివారం చర్చి నుంచి చుట్టాలు భోజనానికి వచ్చారు. చిలుకమ్మకు పాత అలవాటు నోటికొచ్చేసింది. "సంగీతా, పప్పు దించు. మా కోడలికి చెయ్యి కాలదు, జూడుండ్రి" అంది. సంగీత ఎప్పటిలాగే పొయ్యి దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టింది. ముందు ఎడమచెయ్యి తగిలింది.

"అమ్మా!"

గిన్నె చేజారి పప్పు గచ్చంతా పరుచుకుంది. చిలుకమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏ చెయ్యి? కుడిదా? బొటనేలు కాలిందా?"

"ఎడమ చెయ్యి అత్తమ్మా."

"దేవునికి స్తోత్రం" అని చిలుకమ్మ గుండెల నిండా ఊపిరి తీసుకుంది. పప్పు తొక్కకుండా పక్కగా నడుచుకుంటూ చుట్టాల దగ్గరికి వెళ్లిపోయింది.

సంగీత అక్కడే కింద కూలబడింది. వేళ్లనుంచి మోచేతి దాకా మంట ఎగబాకుతోంది. ఎంత నొప్పి! ఇంత నొప్పిని ఇన్నేళ్లు తను రోజూ రెండు పూటలా పట్టుకుని దించింది. చెయ్యి కాలకపోవడం కాదు, కాలుతూనే ఉంది, తెలియలేదంతే. తెలియకపోవడాన్ని అందరూ మెచ్చుకున్నారు. అత్త కుడిదా అని అడిగిందే గానీ కాలిందా బిడ్డా అని అడగలేదు. గచ్చు మీద పప్పు ఇంకా పొగలు కక్కుతోంది. అది నీలి తెచ్చిన కందులది, అమ్మ రాళ్లు ఏరిన చెలకది. నా చెలకది అనుకుంది సంగీత. ఆ మాట మనసులో అనుకోవడం కూడా అదే మొదలు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కాలినందుకు ఏడుస్తోందనుకుని షారోన్ గిన్నెతో చల్లనీళ్లు తెచ్చి చెయ్యి ముంచింది.

సాయంత్రం జయపాల్ వచ్చాడు. ఆమె ఎడమచేతికి తడిగుడ్డ చుట్టి ఉంది. "కుడిదియ్యి" అన్నాడు. లైటు వేసి చూసి, "మస్తు వచ్చినయి. ఎల్లుండి పోదాం" అన్నాడు. గుడ్డ గురించి అడగలేదు.

లింగాల ఘనపూర్‌కు సబ్బు కూడా పెట్టెలో వేసుకుని వెళ్లారు. ఆఫీసు బయట నల్లా దగ్గర జయపాల్ దగ్గరుండి ఆమె బొటనవేలు కడిగించాడు, రుమాలుతో అద్దాడు. లోపల మిషన్ మీద పెట్టగానే పచ్చలైటు వెలిగింది. జయపాల్ ఆపరేటర్ వీపు తట్టి పకపకా నవ్వాడు. "ఇగ ఆ సబ్బుతోని పని లేదు తమ్మీ!"

తహసీల్దారు సారు తలెత్తకుండానే అందరినీ అడిగే మాటే అడిగాడు. "నీ ఇష్టంతోనే అమ్ముతున్నవు గదమ్మా?"

ఊఁ అను అన్నట్టుగా జయపాల్ బల్ల కింద ఆమె ఎడమచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. పాత చెయ్యి అయితే ఆమెకు తెలిసేదే కాదు. బొబ్బ చితికి ప్రాణం జివ్వుమంది.

"చెయ్యి ఇడువు. నొస్తుంది" అంది సంగీత, గది అంతా వినపడేలా.

సారు తలెత్తాడు. "ఏందమ్మా?"

"నా ఇష్టం లేదు సార్. చెలక నేను అమ్మను."

"దానికేం తెల్వది సార్, మీరు కానియ్యండ్రి" అన్నాడు జయపాల్. సారు ఆమెను మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ అదే చెప్పింది, ఈసారి ఇంకా నెమ్మదిగా. కొనే ఆసామి సంచి తీసుకుని లేచాడు.

బయటికి వచ్చాక జయపాల్ వరండాలో అటూ ఇటూ తిరుగుతూ తల్లికి ఫోన్ చేస్తున్నాడు. ఇంటికి పోయాక ఏం జరగబోతుందో ఆ గొంతులోనే తెలుస్తోంది. సంగీతకు భయం వేసింది. అయినా ముందు నల్లా దగ్గరికి నడిచింది. గోడ మీద మరిచిపోయిన సబ్బుపెట్టె అలాగే ఉంది. సబ్బు సగానికి వచ్చింది గానీ మీద పేరు ఇంకా పూర్తిగా చెరగలేదు. పెట్టెలో నీళ్లు వంపి, మూత పెట్టింది.

"అదెందుకిగ?" అని జయపాల్ వెనకనుంచి కసిరాడు.

సంగీత పెట్టెను సంచిలో వేసుకుంది. మహీధర్ అడిగిన మాటకు ఇన్నాళ్లకు జవాబు దొరికింది.

"నాది సున్నితమైన చర్మం. వాసన వడది, సోడా వడది" అంది.