బ్రేకు బిళ్లకు బొట్టు

నేను ఒక కొండ సైకిల్‌ని. నాకు గేర్లున్నాయి, ఒకప్పుడు ముందు ఫోర్కులో స్ప్రింగులు కూడా ఉండేవి. అనుమానం మాత్రం మొదటినుంచీ నిలువెల్లా ఉంది. నా కథ వింటామని మీరింత దగ్గరగా వచ్చి కూర్చున్నారే, నా బెల్లు ఊడబీకి పట్టుకుపోరని నమ్మకం ఏమిటి?

నన్ను ఫ్యాక్టరీలో బిగించినవాడు టీ గంట కొట్టగానే హ్యాండిల్ నట్టు సగం తిప్పి వెళ్లిపోయాడు. మిగతా సగం ఎవరూ తిప్పలేదు. ఆ తర్వాత విశాఖపట్నంలో ఒక బ్యాంకు ఆఫీసరు పొట్ట తగ్గించుకుంటానని నన్ను కొన్నాడు. కొండ మాట దేవుడెరుగు, వీధి చివరి ఎత్తు కూడా ఎక్కించలేదు. బాల్కనీలో నిలబెట్టి నా మీద తువ్వాళ్లు ఆరేశాడు. సముద్రపు గాలికి గొలుసు తుప్పు పట్టింది, టైర్లు చప్పబడిపోయాయి. అమ్మేటప్పుడు మాత్రం "కంటికి రెప్పలా చూసుకున్నానండీ" అన్నాడు. అబ్బో, ఏం కళ్లు, ఏం రెప్పలు!

నన్ను కొన్నావిడ పేరు నీలవేణి. కొండవాలు మీద, మలుపుల రోడ్డున్న ఒక బస్తీలో ఇల్లు. భర్త లేడు. మావగారు సింహాద్రి హార్బర్లో క్రేన్ నడిపి రిటైరయిన మనిషి. పొద్దున్నే ఇడ్లీ పిండి డబ్బాలు కిందున్న అపార్టుమెంట్లకు చేరిస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అందుకని నన్ను బరువులు మోసే బండిగా మార్చమని మెకానిక్ గౌరునాయుడికి అప్పగించింది.

వాడు నన్ను తలకిందులుగా నిలబెట్టాడు. తారు రోడ్డుకి ఎందుకని ముళ్ల టైర్లు తీసి నున్నటివి వేశాడు. బరువుతో దిగేటప్పుడు ముందుకి కుంగుతుందని స్ప్రింగుల ఫోర్కు పీకి గట్టిది బిగించాడు. ఆ స్ప్రింగులు ఎవరి సైకిల్‌కి పోయాయో వాడికే తెలియాలి. పాత రబ్బరు బ్రేకులు పారేసి, కొత్త చక్రాలకు పళ్లాల్లాంటి ఇనప బిళ్లలు పెట్టాడు. బ్రేకు నొక్కితే రెండు ముక్కలు ఆ బిళ్లను గట్టిగా పట్టుకుంటాయి. అప్పుడు బండి ఆగుతుంది.

"అక్కా, వారానికోపాలి గొలుసు తుడిసి సుక్కలు సుక్కలుగా నూనెయ్యి. ఎక్కువెయ్యకు, మట్టి పట్టేస్తాది. టైర్లలో గాలి తగ్గనియ్యకు. ఈ బిళ్లల్ని మాత్రం ఎవుల్నీ సెయ్యెట్టనియ్యకు," అన్నాడు.

ముట్టుకోవద్దన్నాడంటే అక్కడేదో దొంగ సరుకు పెట్టాడన్నమాట! ఆ రోజు నుంచీ గౌరునాయుడు కనిపిస్తే చాలు, నా గొలుసు కిర్రుమనేది.

లోకంలో నేను నమ్మింది సింహాద్రి ఒక్కడినే. సాయంత్రం ఇంటికి రాగానే నా సీటు తట్టి, "అలిసిపోనావేటి?" అని అడిగేవాడు. నన్ను అలా అడిగినవాళ్లు ఇంకెవరున్నారు?

దసరా వచ్చింది. హార్బర్లో ఏటా క్రేన్‌కి ఆయుధపూజ చేసిన చెయ్యి కదా, ఊరుకోలేదు. నీలవేణి లోపల పిండి రుబ్బుతుంటే, ఆయన నాకు నీళ్లు పోసి, హ్యాండిల్‌కి బంతిపూల దండ కట్టి, ఒళ్లంతా కొబ్బరినూనె రాశాడు. చక్రం దగ్గరికొచ్చి, "అయ్యో, ఇదేటిలా ఎండిపోనాది! నూనె తగలని ఇనుము ఏడుస్తాదే," అంటూ ఆ బిళ్లలకీ దట్టంగా రాసి, గంధం అద్ది, కుంకుమ బొట్టు పెట్టాడు. అమ్మయ్య, పుట్టి ఇన్నాళ్లకు నా ఒళ్లు చల్లబడింది.

మర్నాడు పొద్దున నీలవేణి పిండి డబ్బాలు కట్టి బయలుదేరింది. మొదటి మలుపులో బ్రేకు నొక్కింది. ముక్కలు బిళ్లను పట్టుకున్నాయి, జారిపోయాయి. మళ్లీ నొక్కింది. మళ్లీ జారాయి. నేను ఆగాలనుకున్నాను, నా వల్ల కాలేదు. ఆవిడ చెప్పులు నేలకేసి రాస్తూ "అమ్మా!" అని అరిచింది. కింద రోడ్డు మీదికి బస్సు వస్తోంది. ఆవిడ హ్యాండిల్ ఒక్కసారిగా తిప్పి, ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోయించిన ఇసక గుట్టలోకి నన్ను తోసేసింది. ఇద్దరం పడ్డాం. ఆవిడ మోచెయ్యి చీరుకుపోయింది, పిండి రోడ్డంతా పారింది. బస్సు మా ముందునుంచే వెళ్లిపోయింది.

సింహాద్రి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు. "ఆ గౌరునాయుడి గాడ్ని పిలండర్రా! నా కోడల్ని సంపేసీవోడే!" అని కేకలు వేశాడు. నేనూ లోపల్లోపల అదే తిట్టు తిడుతున్నాను.

గౌరునాయుడు వచ్చాడు. బిళ్ల మీద వేలు రాసి వాసన చూశాడు.

"కొబ్బరినూనె," అన్నాడు.

ముసలాయన కేకలు ఆగిపోయాయి. "నేనే రాసినాన్రా... పండగని," అన్నాడు. "రాయకూడదేటి?"

"ఇది తిరగడానికి కాదు బాబాయ్, పట్టుకోడానికి. నూనె తగిలితే పట్టు జారిపోద్ది." నూనె పీల్చిన ముక్కలు ఇంక పనికిరావని పారేసి, బిళ్లలు స్పిరిట్‌తో తుడిచి, కొత్త ముక్కలు వేశాడు. సింహాద్రి కోడలి మోచేతి వైపు చూడలేక గోడకేసి తిరిగి నిలబడ్డాడు.

ఆ తర్వాత ఆయన నా దగ్గరికి రావడం మానేశాడు. నా పక్కనుంచి వెళ్లాల్సి వస్తే చేతులు వెనక్కి కట్టుకునేవాడు. ఒకరోజు నీలవేణి పొడిగుడ్డ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఈ బిళ్లలు ఒగ్గేసి, మిగతాదంతా నువ్వే తుడవాల మావయ్యా. నాకు కుదర్దు," అంది.

ఆయన గుడ్డ దులిపి నా పక్కన కూర్చున్నాడు. తర్వాత సీటు తుడిచాడు, హ్యాండిల్ తుడిచాడు. చక్రం దగ్గరికొచ్చేసరికి ఆయన చెయ్యి బిళ్ల ముందు ఆగిపోయింది. ఆ మనిషిని చూస్తే నాకు ఏడుపొచ్చింది. నన్ను అంతగా ప్రేమించినవాళ్లు ఇంకొకరు లేరు. అయినా ఆ చెయ్యి వెనక్కి వెళ్లేదాకా నేను కళ్లు తిప్పలేదు.