చెరిపే బటన్‌కు బొట్టు

నేను ఒక కీబోర్డును. కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళ చేతుల కింద పడి ఉంటాను కాబట్టి నన్ను చూసేవాళ్ళు తక్కువ. అందరూ తెర వైపే చూస్తారు. తెర మీద కనబడే ప్రతి అక్షరమూ ముందు నా ఒంటి మీద పడిన దెబ్బేనని ఎవరికీ గుర్తుండదు. అందుకు నేనేమీ నొచ్చుకోను. ఇంట్లో అందరూ కూరను మెచ్చుకుంటారు గాని, కూర ఉడికిన గిన్నెను ఎవరు మెచ్చుకుంటారు?

నేను అందరిలా డబ్బాలో పుట్టి దుకాణానికి రాలేదు. హైదరాబాదులో దామోదర్ అనే ఆయన నన్ను ఒక్కొక్క ముక్కా తెప్పించి తన చేతులతో కూర్చాడు. ఆయనది సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం. కుర్రవాళ్ళు రాసిన ప్రోగ్రాములు జనంలోకి వెళ్ళే ముందు, వాటిలో తప్పులు వెతికి పట్టుకోవడం ఆయన పని. నొక్కకూడని చోట నొక్కి, రాయకూడనిది రాసి, ఎక్కడ విరుగుతుందో చూడాలి. వారమంతా అలా విరగగొట్టి, ఆదివారం వస్తే వరండాలో పాత పేపరు పరుచుకుని నాలాంటివాటిని నిర్మించేవాడు. ప్రతి బటన్ కిందా ఒక స్ప్రింగు ఉంటుంది. దానికి సన్నటి కుంచెతో నూనె రాసి, చెవి దగ్గర పెట్టుకుని నొక్కి, తల ఊపేవాడు.

"ఆ టకటకల ఏం వినబడతదో ఆ దేవునికే తెలవాలె" అనేది ఆయన భార్య.

"మృదంగానికి శ్రుతి చూసుకోరా? ఇదీ అంతే" అనేవాడాయన.

ఆయన చేతి నుంచి నేను విహారి చేతికి వచ్చాను. విహారి అప్పుడే చదువు ముగించుకుని అదే కంపెనీలో ప్రోగ్రాములు రాయడానికి చేరిన కుర్రవాడు. మొదట్లో వాడు రాసినదాంట్లో తప్పులు కుప్పలుగా ఉండేవి. ఆఫీసులో తప్పు దొరికితే అందరికీ కనబడే జాబితాలో ఎక్కించడం పద్ధతి. దామోదర్ అలా చేసేవాడు కాదు. ముందు విహారి కుర్చీ దగ్గరికి వచ్చి, వంగి, చెవిలో చెప్పేవాడు. "ఇగో, ఇక్కడ పడిపోతున్నది, సాయంత్రం లోపల సరిజేయి. నేను రేపు ఎక్కిస్త." రేపటికి ఎక్కించడానికి తప్పు ఉండేది కాదు. విహారి మొదటి ప్రోగ్రాము జనంలోకి వెళ్ళిన రోజున ఆయన నన్ను ఒక సంచిలో పెట్టి తెచ్చి, వాడి ముందు పెట్టాడు.

"దీని మీద కొడితే తప్పులు తక్కువొస్తయా అన్నా?" అన్నాడు విహారి.

"రావు. కని తప్పు కొట్టినా మంచిగ వినబడతది."

అలా నేను విహారి బతుకులోకి వెళ్ళాను. వాడు ఉప్పల్‌లో పిన్ని అనసూయమ్మ ఇంట్లో మేడ మీది గదిలో ఉండేవాడు. బాబాయికి మోటారు వైండింగు షాపు. కొన్ని రోజులు ఆఫీసు, కొన్ని రోజులు ఇల్లు. ఎక్కడ కూర్చున్నా సంచిలో నేనుండాల్సిందే. పొద్దున్నే తెరలో అందరూ చిన్న చిన్న గళ్ళలో ముఖాలు పెట్టుకుని వరసగా అప్పజెప్పేవాళ్ళు, నిన్న ఏం చేశాను, నేడు ఏం చేస్తాను, అడ్డంకులేమైనా ఉన్నాయా అని. విహారి ఎప్పుడూ "అడ్డంకులేమీ లేవు" అనేవాడు. ఎక్కాలు అప్పజెప్పే పిల్లవాడికీ వాడికీ నాకు తేడా కనబడేది కాదు.

అయితే సాయంత్రాలు వేరుగా ఉండేవి. వాడు సరదాకి కూడా ప్రోగ్రాములే రాసేవాడు. పిన్నికి పంచాంగంలో చిన్న అక్షరాలు కనబడడం లేదని, పొద్దున లేవగానే తిథి, నక్షత్రం, రాహుకాలం పెద్దక్షరాల్లో ఫోనులోకి వచ్చేలా ఒకటి రాశాడు. మొదటిసారి ఏకాదశి వచ్చిన రోజే అది దశమి అని చూపింది. పిన్ని ఉపవాసం మానేసి ఇడ్లీ తిన్నాక గుడిలో సంగతి తెలిసింది. "నీ కంప్యూటరు నన్ను నరకానికి పంపేటట్టున్నది బిడ్డా" అని ఆమె నవ్వింది. వాడు నవ్వుతూ వచ్చి సరిచేశాడు. ఆ సాయంత్రం వాడి వేళ్ళు నా మీద ఎలా గెంతాయో నాకిప్పటికీ గుర్తే. చేతుల కింద ఉన్నంతసేపూ మనిషి ముఖం చూసే భాగ్యం నాకు లేదు గాని వేళ్ళను బట్టి మనసు తెలుస్తుంది. కోపంలో అవి ఒక రకంగా పడతాయి, సంతోషంలో మరో రకంగా.

తర్వాత వాడికి ఒక పని ఇచ్చారు. టెస్టింగువాళ్ళు చేసేదంతా తానే చేసుకునే ప్రోగ్రాము ఒకటి రాయాలి. నొక్కకూడని చోట నొక్కడం, విరగగొట్టి చూడడం, అంతా. వాడు మూడు ఋతువులు దాని మీదే కూర్చున్నాడు. చక్కగా కుదిరింది. దసరా దగ్గర పడుతుండగా పై అధికారి మేడం వాడిని పిలిచి మాట్లాడింది. గొంతు మెత్తగానే ఉంది. "చాలా బాగా చేశావ్ విహారీ. పండగయ్యాక టెస్టింగ్ టీమ్ ఇక ఉండదు. ఈ సంగతి మన మధ్యే ఉండాలి, సరేనా?"

"సరే మేడం" అన్నాడు వాడు.

ఆ రోజు నుంచి వాడి వేళ్ళు దేనిలాగానూ పడలేదు. చూరు నీళ్ళు కారినట్టు పడేవి, అంతే. అన్నం తిన్నావా అంటే తిన్నా అనేవాడు. పంచాంగం ప్రోగ్రాము ఒకసారి ఆగిపోతే పిన్ని మేడ మీదికి కేకేసి చెప్పింది. చూస్తా అన్నాడు, చూడలేదు. ఆమె మళ్ళీ అద్దాలు పెట్టుకుని కాగితం పంచాంగమే తిప్పుకుంది. వాడికి బాధగా ఉందా అంటే నేను చెప్పలేను. బాధ ఉన్న వేళ్ళకు బరువుంటుంది. వీటికి అదీ లేదు.

ఇంతలో దామోదరే వాడి దగ్గరికి వచ్చాడు. ఆఫీసులో నా పక్కనే బల్లకు ఆనుకుని నిలబడి, గొంతు తగ్గించాడు.

"వేరే కంపెనీవాళ్ళు పిలుస్తున్నర్రా. పండగ లోపల అవునో కాదో చెప్పమన్నరు. ఈ వయసుల మల్ల కొత్త చోటు, కొత్త మనుషులు... ఇక్కడైతే అందరు తెలిసినోళ్ళు. ఏమంటవ్?"

విహారి చేతులు నా మీదే ఉన్నాయి. కదలలేదు.

"మీ ఇష్టం అన్నా" అన్నాడు.

"అంతేనంటవా? ఉండుడే నయమేమో" అని దామోదర్ వాడి భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వాడు గదిలో కూర్చుని దామోదర్‌కు మెసేజి రాయడం మొదలుపెట్టాడు. 'అన్నా, ఆ ఉద్యోగం వదలకండి. ఇక్కడ మీ టీమ్‌ను' అని రాసి ఆగాడు. బ్యాక్‌స్పేస్ బటన్ మీద వేలు పెట్టి మొత్తం చెరిపేశాడు. మర్నాడు మరోలా మొదలుపెట్టాడు. 'అన్నా, మీతో ఒక మాట.' చెరిపేశాడు. రోజూ అర్ధరాత్రి దాకా ఇదే తంతు. 'నా వల్ల' అని రాసి చెరిపాడు. 'నా వల్ల కాదు' అని రాసి అదీ చెరిపాడు. తెరకు తెలియదు, చెరిపాక దానికేమీ మిగలదు. అవతలి మనిషికి అసలే తెలియదు. రాసినదీ చెరిపినదీ రెండూ నా ఒంటి మీదే పడ్డాయి. వాడి మాటలన్నీ విన్నదాన్ని నేనొక్కదాన్నే గాని, నాకు నోరు లేదు. నోరున్నవాడు నన్ను వాడుకుని మౌనంగా ఉన్నాడు.

మహర్నవమి వచ్చింది. అనసూయమ్మ ఏటా ఆయుధ పూజ శ్రద్ధగా చేసుకుంటుంది. బాబాయి షాపు నుంచి స్పానర్లు, స్క్రూడ్రైవర్లు కడిగి తెచ్చాడు. ఆమె కుట్టు మిషను, కత్తిపీట, కొబ్బరి కోరం, వాటి పక్కన నేను. ఇంట్లో పని చేసేవన్నీ అమ్మవారి ముందు వరసగా కూర్చున్నాం. ఫోనును మాత్రం ఎవరూ పెట్టలేదు. ఏ ఇంట్లోనూ పెట్టరట. అన్నిటికంటే ఎక్కువ పని చేసేది అదే అయినా, దానికి ఒక్క రోజు విశ్రాంతి ఇవ్వాలంటే మనుషులకు భయం.

"ఏదిరా దీంట్ల ముఖ్యమైనది?" అని అడిగిందామె గంధం గిన్నె పట్టుకుని.

"ఎంటర్ పిన్నీ. అది నొక్కితేనే పని అయితది."

ఆమె ఎంటర్ బటన్‌కు తడి గంధం నిండుగా రాసి, కుంకుమ పెట్టి, బంతిపువ్వు ఉంచింది. హారతి అయింది. విహారి గడప దగ్గరే నిలబడిపోయాడు.

"ఏంరా, అట్ల నిలబడ్డవ్?"

"దామోదర్ అన్నకు ఒక ముచ్చట రాసేదుండె. ఇయ్యాలనే రాయాలె. కీబోర్డు పూజల ఉన్నది గదా."

"రేపు పొద్దున దాంక కదపొద్దు."

"అదే" అన్నాడు వాడు. ఆ మాటలో ఎన్నాళ్ళకో వాడి గొంతు తేలికపడింది.

పిన్ని వాడి వైపు చూసింది. "అంత జరూరుంటే ఫోను చేయి. పూజ దానికి చేసిన గని, నీ నోటికి చేసిన్నా?"

బాబాయి నవ్వాడు. "వాని నోటికి ఎన్నడో ఉద్వాసన చెప్పిండ్రు. మాట్లాడుతున్నడా అసలు?"

విహారి నవ్వలేదు. ఫోను వాడి జేబులోనే ఉంది. "రేపు చేస్త పిన్నీ" అని మేడ మెట్లెక్కాడు. నేను పువ్వుల కింద పడుకున్నాను. నా జన్మలో నాకు దొరికిన మొదటి విశ్రాంతి అది. చేతికి ఒక రోజు పని తప్పిస్తే మనసు కాస్త పని చేస్తుందని పెద్దలు ఈ ఏర్పాటు చేసి ఉంటారనుకున్నాను. అమ్మవారు ఏమనుకుందో నాకు తెలియదు.

విజయదశమి పొద్దున ఉద్వాసన చెప్పి నన్ను వాడి చేతికిచ్చారు. ఎంటర్ నొక్కితే లోపలికి దిగిన గంధం ఎండిపోయి, బటన్ పైకి రాలేదు. సాయంత్రం జమ్మి ఆకు పట్టుకుని దామోదర్ ఇంటికి పోతూ, నన్ను కూడా సంచిలో వేసుకున్నాడు.

"ఎంటర్ల అమ్మవారు కూసున్నదిరా!" అని దామోదర్ వరండాలో పేపరు పరిచాడు. తీగలాంటి పనిముట్టుతో నా బటన్లు ఒక్కొక్కటే లాగి, పాత టూత్‌బ్రష్‌తో తోముతున్నాడు. విహారి గుప్పిట్లో ఇంకా జమ్మి ఆకు అలాగే ఉంది. బ్యాక్‌స్పేస్ దగ్గరికి వచ్చేసరికి దామోదర్ చెయ్యి ఆగింది. దాన్ని దీపానికి ఎత్తిపట్టాడు. మిగతా బటన్లన్నీ గరుకుగా ఉన్నాయి, అదొక్కటి గాజుపెంకులా నున్నగా అరిగిపోయింది. తప్పులు వెతికే కళ్ళు ఆయనవి.

"ప్రోగ్రాములు రాస్తే ఇది ఇంత అరగదు. ఏం రాస్తున్నవ్‌రా, రాసి రాసి చెరుపుతున్నవ్?"

"మీకే అన్నా."

"నాకా? ఏమని?"

విహారి చెప్పాడు. పొద్దున గళ్ళలో కూర్చుని అప్పజెప్పే గొంతుతోనే అంతా చెప్పాడు. తను రాసిన ప్రోగ్రాము సంగతి, పండగయ్యాక ఏం జరగబోతోందో, ఆ కొత్త ఉద్యోగం వదులుకోవద్దని.

దామోదర్ శుభ్రమైపోయిన బటన్‌నే ఇంకా తోముతూ ఉన్నాడు. లోపలి నుంచి భార్య పాయసం చల్లారుతుందని పిలిచింది.

"నిన్ననే ఫోన్ చేసి వద్దన్న" అన్నాడు చివరికి.

"నిన్ననా?"

"పండగ లోపల చెప్పమన్నరు గదా. పొద్దుగూకే దాంక చూసి చెప్పిన."

"మల్ల అడుగుండ్రి అన్నా."

"అడుగుత. కని ఇంకెవ్వరో దొరికిండ్రని నిన్ననే అన్నరు." బ్రష్ కింద పెట్టాడు. వాడి ముఖం చూడకుండా అన్నాడు, "నీ తప్పులు నేను నీ చెవుల చెప్పేటోన్నిరా, విహారీ."

విహారి ఏడవలేదు. ఏడవాలని వాడికి తోచినట్టు కూడా లేదు. గుప్పిట తెరిచి, నలిగిన జమ్మి ఆకు ఆయన చేతిలో పెట్టి కాళ్ళకు దండం పెట్టాడు. కిందటేడు ఆయన వాడిని లేపి కౌగిలించుకున్నాడట. ఈసారి ఆకు చొక్కా జేబులో వేసుకుని, సామాన్ల డబ్బాలో వెతికాడు. అరిగిన బటన్‌కు బదులు పెట్టడానికి నల్లది దొరకలేదు, పసుపు రంగుది దొరికింది. దాన్ని నాకు బిగించి, నన్ను వాడి చేతికిచ్చి, "కొట్టి చూడు" అన్నాడు. వాడు కొట్టాడు. చప్పుడు బాగానే ఉంది.

ఆ కొత్త ఉద్యోగం మళ్ళీ రాలేదు. పండగయ్యాక పాతదీ పోయింది. చాలాకాలానికి దామోదర్‌కు ఊరి అవతల ఎక్కడో చిన్న పని కుదిరింది. విహారి ఇప్పటికీ ఏటా జమ్మి పట్టుకుని వెళ్తాడు. ఆయన ఇప్పటికీ జేబులోనే వేసుకుంటాడు. ఇద్దరూ పాయసం తింటారు.

ఇప్పుడు నా మీద పని తగ్గింది. విహారి కంప్యూటరుకు నోటితో చెప్తే అదే రాసుకుంటోంది. ప్రోగ్రాములు చెప్పడానికి వాడికి నోరు వచ్చింది. నేను అలమారు మీద, గుడ్డ కప్పుకుని ఉంటాను. ఆయుధ పూజకు మాత్రం అనసూయమ్మ తప్పకుండా దింపుతుంది. ఆయుధం ఏం చేసిందో, ఎవరికి తగిలిందో ఆమె అడగదు. అమ్మవారూ అడగదు. అడగాల్సింది నన్ను కాదేమో మరి.

ఇప్పుడు ముఖ్యమైన బటన్ ఏదని కూడా ఆమె అడగడం లేదు. నల్లటి నా ఒంటి మీద పసుపు రంగులో ఉన్నది ఒక్కటే కదా, అదే శుభమని దానికే గంధం రాసి, కుంకుమ పెడుతుంది. విహారి గడప దగ్గర నిలబడి ఆ బొట్టు వైపు చూస్తాడు. అది కాదని ఒక్కసారీ చెప్పలేదు.