గళ్ళు నింపిన చెయ్యి

నర్సు అప్పటికే చెప్పులు వేసుకుంది. చేతిసంచీ భుజానికి తగిలించుకుని, మహిళా కానిస్టేబులు పక్కన గుమ్మంలో నిలబడి, ఎవరైనా ఒక్క మాట అడ్డం వేస్తారేమోనని హాల్లో ఉన్న ముఖాలన్నీ ఒక్కొక్కటిగా చూస్తోంది.  కింద జీపు ఇంజను ఆగకుండా గుర్రుమంటోంది.

లోపలి గదిలో జడ్జిగారు ముఖం మీదాకా దుప్పటి కప్పుకుని ఉన్నారు.

హాల్లో కిటికీ పక్క కుర్చీలో ప్రూఫు మేడం కూర్చుంది. ఆ అపార్టుమెంటులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ముప్ఫై ఏళ్ళు పత్రికాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. ఏడేళ్ళుగా రోజూ తొమ్మిదింటికి పై అంతస్తు నుంచి దిగివచ్చి, జడ్జిగారితో కలిసి ఆనాటి పేపర్లో గళ్ళనుడికట్టు పూర్తిచేసి వెళ్ళేది. ఈ రోజూ తొమ్మిదింటికే వచ్చింది. తలుపు తీసింది డాక్టరు. ఇప్పుడు పదకొండు దాటింది.

ఈ రెండు గంటల్లో ఇన్‌స్పెక్టరు కేసును దాదాపు ముగించేశాడు. జడ్జిగారికి షుగరు. రాత్రి డ్యూటీ నర్సు పొద్దున్న ఏడింటికి ఇంజెక్షన్ ఇచ్చి వెళ్ళిపోతుంది. అరగంటలోగా ఇంట్లోవాళ్ళు టిఫిను పెట్టాలి. రక్తంలో షుగరు బాగా పడిపోయి, అసలే బలహీనంగా ఉన్న గుండె ఆగిపోయిందని డాక్టరు తేల్చాడు. దానికి కారణం రెండే కావచ్చన్నాడు. మోతాదు ఎక్కువై ఉండాలి, లేదా తిండి పడకపోయి ఉండాలి.

వెళ్ళేటప్పుడు వంటింటి వైపు తిరిగి టిఫిను సంగతి చెప్పాననీ, లోపల మిక్సీ తిరుగుతున్నా ఎవరో సరే అన్నారనీ, కబురు పెడితే తిరిగివచ్చిన నర్సు చెప్పింది. ఎవరన్నారో చూడలేదట, ఆ మోతలో గొంతూ పోల్చుకోలేదట. ఇంట్లో ఉన్నది ఇద్దరే. లారీల ఆఫీసు నడిపే కొడుకు, వారం రోజుల సెలవు మీద వచ్చిన కూతురు. నాన్న టిఫిను తిన్నారనీ, ఎనిమిదింటికి మంచం మీద కూర్చుని పజిల్ రాసుకుంటుండగా తాను చూశాననీ కూతురు చెప్పింది. అందుకు తగ్గట్టే ఖాళీ ప్లేటు సింకులో ఉంది. పేపరు జడ్జిగారి పక్కలో ఉంది. గళ్ళనుడికట్టులో ఎనిమిది మాటలు నింపి ఉన్నాయి.

తిన్న మనిషి, తెలివిగా గళ్ళు నింపుకున్న మనిషి, గంట తిరగకుండా పోయాడంటే తప్పు సూదిలోనే ఉంది. ఇన్‌స్పెక్టరు లెక్క అది. నర్సుకు అరెస్టు, ఆ తర్వాత లైసెన్సు రద్దు.

"నేను కొలిచే ఇచ్చాను సార్," అంది నర్సు నాలుగోసారి. ఈసారి తనకు తాను చెప్పుకుంటున్నట్టు అంది.

ప్రూఫు మేడం పేపరు చూస్తానని అడిగింది. ఇన్‌స్పెక్టరు ప్లాస్టిక్ కవరులో పెట్టిన దాన్ని ఆమె ముందు బల్ల మీద ఉంచాడు. ముట్టుకోవద్దన్నాడు. ఆమె కళ్ళజోడు సర్దుకుని వంగింది.

ఒకటి అడ్డం. 'తీగ అడ్డం తిరిగితే శిరస్సు.' రెండు గళ్ళు. ఆ గళ్ళలో 'షాకు' అని రాసి ఉంది.

ఆమె మళ్ళీ చదివింది. ఏడేళ్ళలో జడ్జిగారు పొరపాట్లు చేయలేదని కాదు. బోలెడు చేశారు, చేసిన ప్రతిదానికీ పై కోర్టుకు వెళ్ళినంత పట్టుదలగా వాదించారు. ఆధారంలో ప్రతి మాటకూ పని ఉండాలి, కూర్చున్నచోట ఊరికే కూర్చునే మాటను సాక్షిగా ఒప్పుకోనని ఆయన పంతం. ఒక్క విభక్తి ప్రత్యయం కోసం పదిన్నర దాకా పోట్లాడుకున్న రోజులున్నాయి. మీకు పెన్షన్ ఇవ్వడం దండగ అని ఆమె, మీరు దిద్దిన పేపరు చదివే నా కళ్ళు పోయాయని ఆయన.

"ఇది జడ్జిగారు రాసింది కాదు," అంది.

ఇన్‌స్పెక్టరు విసుగు దాచుకుని ఎందుకు కాదని అడిగాడు.

"తీగ అంటే లత. దాన్ని తిరగేస్తే తల. శిరస్సు. చిన్నపిల్లలకిచ్చే ఆధారం బాబూ ఇది. ఆయనైతే చదువుతూ చదువుతూనే చెప్పేస్తారు."

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. ఆయనకూ ఎక్కడో ఆసక్తి పుట్టినట్టుంది. "షాకు మాత్రం ఎందుకు కాకూడదు మేడం? కరెంటు తీగ. అడ్డం తిరిగితే షాకు కొట్టదా?"

"మరి శిరస్సు ఏం చేస్తోంది అక్కడ?"

"షాకు తలకెక్కింది."

గుమ్మంలో కానిస్టేబులు నవ్వాపుకుంది. ప్రూఫు మేడం నవ్వలేదు. పైకి కనబడే అర్థం ఎరేననీ, ఈ ఆటలో దాన్ని మింగినవాడు ఓడినట్టేననీ ఓపికగా చెప్పింది. మిగతా ఏడు మాటలూ వరుసగా చూపించింది. అన్నీ అలాంటివే. గళ్ళకు సరిపోయాయి, ఆధారానికి సరిపోలేదు. ఈ ఆట ఎలా ఆడతారో తెలియనివాళ్ళు రాసిన మాటలు.

అంతా విని ఇన్‌స్పెక్టరు మర్యాదగానే తోసిపుచ్చాడు. షుగరు పడిపోతే మెదడు మొద్దుబారుతుందని డాక్టరు చెప్పాడు కాబట్టి, తప్పులు రాశాడంటే మోతాదు ఎక్కువైందన్న మాటకే బలం వస్తుందన్నాడు. నర్సు వైపు తిరిగి పదమన్నట్టు తల ఊపాడు.

తాను నోరు విప్పి నర్సు మెడకు ఉచ్చు ఇంకాస్త బిగించినట్టయింది. ప్రూఫు మేడం పేపరు మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయింది. మాటలు తప్పని చూస్తూ ఇంతసేపూ అక్షరాలను చూడలేదు. ముప్ఫై ఏళ్ళ వృత్తిలో ఎవరైనా చేయకూడని పని అది. ఇప్పుడు చూసింది.

గడి గీతలకు ఎక్కడా తగలకుండా, నడిమధ్యన నిలబెట్టిన గుండ్రటి అక్షరాలు. తలకట్టు కొద్దిగా ఎడంగా, పిట్ట వాలినట్టు. కొమ్ము చివర చిన్న మెలిక.

ఆ రాత ఎవరిదో ఆమెకు తెలుసు. 

గళ్ళు నింపింది జడ్జిగారి చెయ్యి కాదని మొదటినుంచీ తెలిసినా, అదెలా తెలుసో చెప్పాలంటే మాట తప్పాలి. రెండేళ్ళ కిందట ఒక ఉదయం జడ్జిగారు శాలువా కింద నుంచి కుడిచెయ్యి తీసి ఆమెకు చూపించారు. గాలికి ఆకు కదిలినట్టు కదులుతోంది. పిల్లలకు తెలియకూడదన్నారు. ఉరిశిక్షలు రాసిన చెయ్యి అది, వణుకుతుందని తెలిస్తే అప్పుడు కూడా వణికిందేమో అనుకుంటారు అన్నారు. ఆమె ఒట్టు వేసింది. ఆ రోజు నుంచి ఆ శాలువా కింద చెయ్యి బయటికి రాలేదు.

నర్సు గుమ్మం దాటింది.

"ఆగమ్మా," అంది ప్రూఫు మేడం.

లేచి నిలబడి, ఇన్‌స్పెక్టరు జేబులోని పెన్ను అడిగి తీసుకుంది. ఆయన నోటుపుస్తకం అట్ట వెనక రెండు గళ్ళు గీసి, వాటిలో 'షాకు' అని రాసి, ప్లాస్టిక్ కవరు పక్కన పెట్టింది.

ఇన్‌స్పెక్టరు ఒకసారి ఇది, ఒకసారి అది చూశాడు. అచ్చు దింపినట్టున్నాయి.

"మీరు రాశారా ఇది?"

"నాదే ఈ రాత. కానీ నేను రాయలేదు." పెన్ను ఆయనకు తిరిగి ఇచ్చేసింది. "ఆయన చెయ్యి వణుకుతుంది బాబూ. రెండేళ్ళుగా పెన్ను పట్టుకోలేదు. ఆయన చెబుతారు, నేను రాస్తాను. మంచం కింద పాత పేపర్ల కట్ట ఉంది, తీసి చూడండి. అన్నీ నా అక్షరాలే. ఎవరో వాటిని చూసి, అవి ఆయన రాసినవనుకుని, అలాగే దించారు."

నర్సును అడిగితే ఆమె తల వంచుకుని నిజమేనంది. రాత్రి అన్నం ముద్దలు కలిపి తనే నోటికి అందించేదట, పొద్దున్న టిఫిను మాత్రం సార్ గదిలో ఒక్కరే ఎడమచేత్తో తినేవారట. సార్ ఎవరికీ చెప్పొద్దన్నారట, అందుకని ఇంత జరిగినా చెప్పలేదట.

కానిస్టేబులు కట్ట తెచ్చి విప్పింది. ఇన్‌స్పెక్టరు పది పేపర్లు తిరగేశాక కట్టను పక్కకు నెట్టాడు.  పెన్ను పట్టలేని మనిషి పజిల్ రాసుకోలేదు. రాసుకోలేదంటే ఎనిమిదింటికి ఆయనకు తెలివి ఉందనడానికి రుజువు లేదు. తిన్నారనడానికీ లేదు. ఆకలితో, ఎవరూ తొంగిచూడని గదిలో, ఆయన నిశ్శబ్దంగా వెళ్ళిపోయి ఉంటారు. ఆ తర్వాత ఎవరో ప్లేటు ఖాళీ చేసి, పేపరు విప్పారు.

ఇన్‌స్పెక్టరు కూతురి వైపు తిరిగాడు. "మీరు కళ్ళారా చూశానన్నారు."

కొడుకు సోఫాలో ముందుకు జరిగాడు. చెల్లెలు అసలే దుఃఖంలో ఉందనీ, దాన్నిప్పుడు వేధించడం మానవత్వం కాదనీ అన్నాడు. అతని ఫోను మోగుతూనే ఉంది. పొద్దున్న ఆరున్నర నుంచీ అది ఆగలేదు. ఎక్కడో ఒక లారీ బోల్తాపడింది.

కూతురు ప్రూఫు మేడం దగ్గరికి వచ్చి నేల మీద కూలబడింది. "నిజంగా చెయ్యి వణికేదా పిన్నీ?"

"అవునమ్మా."

"మాకెందుకు చెప్పలేదు?"

ప్రూఫు మేడం ఆమె తల మీద చెయ్యి వేసింది. 

 కూతురు తలెత్తి, గుమ్మం బయట చెప్పులతో నిలబడిన నర్సును చూసింది. నర్సు ఏడవడం లేదు. సంచీ పట్టీని రెండు చేతులతో పిసుకుతోంది.

"నేను చూడలేదండీ," అంది కూతురు ఇన్‌స్పెక్టరుతో. "ఎనిమిదింటికి గదిలోకి వెళ్ళబోతే ఆపారు. నాన్న తిన్నారు, పజిల్ రాసుకుంటున్నారు, కదిలించకు అన్నారు. తర్వాత, నువ్వే చూశానని చెప్పు, ఇద్దరం ఒకటే చెబితే గొడవ ఉండదన్నారు. నమ్మాను."

"ఎవరన్నారు?"

సోఫాలో ఫోను మోగడం ఆగింది. ఎవరో నొక్కేశారు.

ఇన్‌స్పెక్టరు మళ్ళీ అడిగాడు. ఈసారి మెల్లగా అడిగాడు.

ఆమె అటు చూడకుండానే చెప్పింది.

"అన్నయ్య."